లెక్క అడగటం మనకు హాస్టలే నేర్పింది

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు "అన్నా, ఊరికే పాత ముచ్చట్లు వద్దు, మాకు పనికొచ్చేది రాయండి" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అయినా ఒక పాత ముచ్చటతోనే మొదలుపెడతాను. నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది.

ఈ హాస్టల్‌కు రాకముందు నేను వేరే ఊళ్లో ఒక హాస్టల్‌లో ఉండి చదువుకున్నాను. 8వ తరగతిలో ఉండగా ఒకరోజు పెద్దసారు తనిఖీకి వచ్చారు. ఆ పూట మాత్రం పప్పు చిక్కగా ఉంది. పళ్లెంలో కోడిగుడ్డు కూడా ఉంది. వరుసల్లో కూర్చున్న మమ్మల్ని చూసి "రోజూ ఇట్లనే పెడుతున్నారా?" అని ఆయన అడిగారు. "పెడుతున్నారు సార్" అని అందరం ఒక్క గొంతుతో అన్నాం. మూడో వరుసలో ఒక్కడు లేచి నిలబడ్డాడు. "లేదు సార్, గుడ్డు వారానికి ఒక్కసారి గూడ రాదు" అన్నాడు. పెద్దసారు ఏదో రాసుకున్నారు. జీపు వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే "మీ అయ్యను తోలుకరాపో" అని వాణ్ణి ఇంటికి పంపారు. వాళ్ల నాయన కూలికి పోతేగాని పూట గడవని మనిషి. రెండుసార్లు వచ్చి వార్డెన్ గది ముందు చేతులు కట్టుకొని నిలబడి పోయాడు. మూడోసారి రాలేదు. వాడూ రాలేదు. వాడి పెట్టె చాలా రోజులు మా గది మూలన అట్లాగే ఉంది.

వాడు చెప్పింది నిజమని అక్కడున్న 80 మందికీ తెలుసు. మేం కూడా లేచి నిలబడి ఉంటే ఏమయ్యేది? ఒక్కణ్ణి ఇంటికి పంపగలిగారు గాని 80 మందిని పంపగలిగేవారా? ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ వ్యాసం దాని గురించే.

నీళ్ల లెక్క అడిగిన జిల్లా

మన సూర్యాపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. అంతకుముందు మనమంతా ఒకే జిల్లా వాళ్లం. మన జిల్లా పేరు చెబితే బయటివాళ్లకు మొదట గుర్తొచ్చేది ఫ్లోరైడ్. వంకర తిరిగిన కాళ్లు, వంగిన నడుములు, పచ్చబారిన పళ్లు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ హాని చేస్తుంది. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లనే తరాల తరబడి తాగిన ఊళ్లు మనవి.

ఆ నీళ్ల గురించి అడిగిన వాళ్లలో మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ గారు ముందుంటారు. బ్యాంకు ఉద్యోగం వదిలేసి జలసాధన సమితి పేరుతో ఆయన ఊరూరా తిరిగారు. అర్జీలు, ధర్నాలు అన్నీ అయ్యాక 1996 లోక్‌సభ ఎన్నికల్లో సమితి ఒక ఉపాయం చేసింది. నల్లగొండ స్థానానికి వందల మందితో నామినేషన్లు వేయించింది. చివరికి 480 మంది పోటీలో మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా వేయక తప్పలేదు. మునుగోడు వైపు ఉండే మా చిన్నమ్మ ఓటేసి వచ్చి "ఓటేయమని బుక్కు చేతిలో పెట్టిండ్రు బిడ్డా" అని చెప్పి నవ్వటం నాకింకా గుర్తుంది. కాని ఆ నవ్వుతో నల్లగొండ నీళ్ల గోస ఢిల్లీ దాకా చేరింది.

ఆ ఎన్నికలో గెలిచిన బొమ్మగాని ధర్మభిక్షం గారు మన సూర్యాపేట మనిషి. నిజాం కాలంలో, తన పడుచు వయసులో, సూర్యాపేటలో పేద విద్యార్థుల కోసం చందాలు పోగుచేసి హాస్టల్ నడిపిన మనిషి. హాస్టల్‌కూ, హక్కులు అడగటానికీ మన గడ్డ మీద చుట్టరికం ఈనాటిది కాదని అందుకే అంటున్నాను.

ఇక సర్కారు ఇచ్చిన మొదటి జవాబు ఏమిటో తెలుసా? ఆ ఏడే చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచారు. తమిళనాడు, కర్ణాటకల్లో కూడా అట్లాగే వందల మంది పోటీ చేశారు కాబట్టి అది మన ఒక్కరి వల్లే కాదు. కాని నీళ్ల కన్నా ముందు పెరిగింది డిపాజిట్టే. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో వెలిసింది 2015లో. అంటే అడిగిన దానికీ అందిన దానికీ నడుమ దాదాపు 20 ఏళ్లు. అందుకే తమ్ముళ్లారా, ఒక అర్జీ పెట్టి వారంలో జవాబు రాలేదని కాగితం చించేయకండి.

మనలాంటి పిల్లలు ఆఫ్రికాలో

మన జిల్లా పేరు ఆఫ్రికాలో కూడా వినబడుతుందంటే మీరు నమ్మకపోవచ్చు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. శాస్త్రవేత్తలు దాన్ని "నల్లగొండ పద్ధతి" అంటారు. టాంజానియా, ఇథియోపియా దేశాల్లో కూడా ఫ్లోరైడ్ పీడ ఉంది. అక్కడి ఊళ్లలో కూడా ఈ పద్ధతిని వాడి చూశారు. మన కష్టం పేరు అంత దూరం పోయింది. వాళ్ల పోరాటాల పేర్లు కూడా మనదాకా రావాలి.

1976 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని సోవెటోలో బడి పిల్లలు వీధుల్లోకి వచ్చారు. తమకు రాని, తమను అణచినవాళ్లదైన ఆఫ్రికాన్స్ భాషలో సగం పాఠాలు నేర్చుకోవాలని తెల్ల ప్రభుత్వం పెట్టిన నిబంధన వాళ్లకు వద్దు. పోలీసులు కాల్పులు జరిపారు. హెక్టర్ పీటర్సన్ అనే బాలుడితో పాటు ఎందరో పిల్లలు చనిపోయారు. ఈనాడు ఆ దేశంలో జూన్ 16 యువజన దినోత్సవం. వాళ్లను కాల్పించిన ప్రభుత్వం పోయింది. పిల్లల పేర్లు నిలిచాయి.

అంతకన్నా మనకు దగ్గరి సంగతి కెన్యాది. అక్కడ మన ఎమ్మెల్యే నిధుల్లాగే నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉండేది. 2007లో మొంబాసా పట్టణంలో ముహూరి అనే హక్కుల సంస్థ ఆ నిధి లెక్కలు అడిగింది. మామూలు జనం కాగితాలు పట్టుకొని, కట్టామని రాసిన పనులు నేల మీద ఉన్నాయా లేవా అని తిరిగి చూశారు. తర్వాత సభ పెట్టి అందరి ముందు చదివారు. ఈ పద్ధతి వాళ్లకు నేర్పింది ఎవరనుకున్నారు? రాజస్థాన్‌లో "మా డబ్బుకు మాకు లెక్క చెప్పండి" అని కూలీలు కట్టుకున్న మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు. మన దేశపు కూలీల తెలివి సముద్రం దాటి ఆఫ్రికా యువతకు పనిముట్టయింది.

నైజీరియాలో 2011లో మొదలైన బడ్జిట్ అనే సంస్థ ఇంకో తోవ తొక్కింది. బడ్జెట్ పుస్తకంలో మీ ఊరి పేరు మీద ఏ బావి, ఏ బడి రాశారో ఆ ఒక్క వరుస చీటీగా తీసి ఆ ఊరి వాళ్ల చేతిలో పెట్టటమే దాని పని. మిగతాది ఊరివాళ్లే చూసుకుంటారు. 2024 జూన్‌లో కెన్యా యువత పన్నులు పెంచే ఫైనాన్స్ బిల్లును తమ తమ భాషల్లోకి మార్చి, అమ్మలకు అర్థమయ్యేటట్లు చెప్పి, వీధుల్లోకి వచ్చింది. పదుల సంఖ్యలో యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జూన్ 26న అధ్యక్షుడు ఆ బిల్లుపై సంతకం చేయనని ప్రకటించాడు.

వీళ్లందరిలో నాకు కనిపించిన గుణం ఒక్కటే. వాళ్లు నినాదం ఇవ్వకముందు కాగితం చదివారు. చదివింది దాచుకోకుండా పక్కవాడికి చెప్పారు. ఈ రెండు పనులకూ చదువుకున్న పేదింటి బిడ్డ కావాలి. మన ఊళ్లలో ఆ బిడ్డలు మనమే.

మన ఊళ్లలో జరిగింది

అటువంటి పని మన దగ్గరే పెద్ద ఎత్తున జరిగింది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. మొదటి విడత జిల్లాల్లో మన నల్లగొండ కూడా ఉంది. పనుల లెక్కను గ్రామసభే తనిఖీ చేయాలని ఆ చట్టం 17వ సెక్షన్‌లో రాశారు. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం 2006లోనే సామాజిక తనిఖీ మొదలుపెట్టి, 2009లో దానికోసం వేరే సొసైటీ పెట్టింది. రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసిన సౌమ్య కిదాంబి గారు ఆ సొసైటీకి చాలా ఏళ్లు డైరెక్టర్‌గా ఉన్నారు.

ఆ తనిఖీ చేసింది ఆఫీసర్లు కాదు. కూలీల ఇళ్లలో పుట్టి పదో తరగతి, ఇంటర్ చదివిన పిల్లలు. కొన్నాళ్లు శిక్షణ తీసుకొని ఊళ్లలోనే బస చేసేవారు. మస్టర్లు చేతపట్టుకొని గడపగడపకూ పోయి "అమ్మా, నీ పేర ఇన్ని రోజుల పని రాసిండ్రు, చేసినవా? పైసలు ముట్టినయా?" అని అడిగేవారు. టేపు పెట్టి కాలువ కొలిచి ఎం.బుక్‌లో రాసిన దానితో సరిచూసేవారు. చివర మండల కేంద్రంలో ప్రజావేదిక. చనిపోయినవాళ్ల పేరున, ఊరు విడిచిపోయినవాళ్ల పేరున రాసిన మస్టర్లు అక్కడ మైకులో చదివేవారు. నిన్నటిదాకా దొర ముందు, సారు ముందు నోరెత్తని ముసలమ్మ మైకు పట్టుకొని "నేను పోలేదు, ఆ వేలిముద్ర నాది కాదు" అనటం చిన్న సంగతి కాదు.

దాని లోపాలు కూడా చెప్పాలి. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంతే. చిన్న ఉద్యోగి మీద వేటు పడినంత తొందరగా పెద్దవాళ్ల మీద పడలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరే చట్టం తెచ్చింది. చట్టాల పేర్లు మారుతుంటాయి. మస్టర్ చదవటం నేర్చిన పిల్లకు వచ్చిన విద్య మాత్రం ఎక్కడికీ పోదు.

హాస్టల్ నుండే మొదలుపెడదాం

మిర్యాలగూడ రైసు మిల్లులు దేశానికంతా బియ్యం పంపుతుంటే, ఆ పక్కనే హాస్టళ్లలో మేం ముక్కిన దొడ్డు బియ్యం అన్నంలో పురుగులు ఏరుకుంటూ తిన్నాం. 2015 జనవరిలో గాని హాస్టళ్లకు సన్నబియ్యం రాలేదు. అదీ ఊరికే రాలేదు. మెస్ చార్జీలు పెంచాలని సూర్యాపేట, కోదాడ రోడ్ల మీద ప్లేట్లు మోగించిన పిల్లల తరాలు దాని వెనుక ఉన్నాయి.

2024లో తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. 3 నుండి 7వ తరగతి వారికి నెలకు 950 రూపాయలు 1,330 అయింది. 8 నుండి 10వ తరగతికి 1,100 రూపాయలు 1,540 అయింది. ఇంటర్, ఆపై వారికి 1,500 రూపాయలు 2,100 అయింది. ఇది అందరికీ తెలుసు. ఇప్పుడు మీ లెక్కల నోటు తీయండి. 10వ తరగతి తమ్ముడికి రోజుకు 51 రూపాయల 33 పైసలు. 100 మంది ఉంటే నెలకు 1,54,000 రూపాయలు. ఆ డబ్బు మీ పేరు మీద వస్తోంది. అందులో పాలెంత, కూరగాయలెంత, గుడ్లెన్ని అన్నది మీ లెక్క. సెలవుల్లో ఇంటికి పోయిన రోజులకు కూడా హాజరు పడిందా? ఇదే మీ మస్టర్.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి అమలులో ఉంది. పౌరులందరికీ హక్కు ఉందని అందులో రాశారు, వయసు రాయలేదు. మన రాష్ట్ర నియమాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, పై కార్యాలయాల్లో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే మొదటి అప్పీలు, ఆ తర్వాత కమిషన్.

ఒక కిటుకు చెబుతాను. "భోజనం ఎందుకు బాగాలేదు?" అని రాస్తే మీకు జవాబు రాదు. "ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు స్టాక్ రిజిస్టరు, హాజరు పట్టిక, బిల్లుల నకళ్లు ఇవ్వగలరు" అని రాయండి. ప్రశ్నను దాటవేయవచ్చు, రిజిస్టరును దాటవేయటం కష్టం. రికార్డులు స్వయంగా చూసే హక్కు, సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి.

టేబుల్‌కు ఇటువైపు నుండి

ఇవన్నీ ఎట్లా తెలుసంటారా? నేనిప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగిని. అట్లాంటి దరఖాస్తులు నా టేబుల్ మీదికే వస్తాయి. ఒప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నా ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కింద ఒక పిల్లవాడు దరఖాస్తు పట్టుకొని వచ్చాడు. మాసిన చొక్కా, చేతిలో హాస్టల్ పిల్లలు మోసే చేతిసంచి. "ఇవన్నీ నీకెందుకు? బుద్ధిగా చదువుకోపోరాదు" అన్నాను. వాడు ఏమీ అనలేదు. దరఖాస్తు టేబుల్ మీద పెట్టి, రసీదు కోసం నిలబడ్డాడు. అప్పుడు నాకు మా హాస్టల్ మూడో వరుస కళ్ల ముందుకొచ్చింది. రసీదు రాసిచ్చాను. జవాబు కూడా గడువులోగా ఇచ్చాను. కాని ఆ మాట నా నోటి నుండి ఎట్లా వచ్చిందని ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఈ హాస్టల్ మెతుకులు తిని ఉద్యోగాల్లో కుదురుకున్న అన్నలకు, అక్కలకు నా విన్నపం ఇది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి మనలాంటి పిల్లల కోసం ఫైళ్లు కదిపినందువల్లే చాలామందిమి ఇక్కడిదాకా వచ్చాం. ఆయన బాకీ పూలదండలతో తీరదు. మన టేబుల్ ముందు నిలబడ్డ పిల్లవాడికి రసీదు ఇస్తే కొంతైనా తీరుతుంది. 2023 నుండి 2025 వరకు రెండేళ్లకు పైగా మన రాష్ట్రంలో సమాచార కమిషనర్లు లేక అప్పీళ్లు గుట్టలు పడ్డాయి. పైన తలుపు మూసినప్పుడు కింద ఉన్న మనమే కిటికీ తెరవాలి.

భయం సంగతి

భయం లేదని చెబితే అబద్ధమవుతుంది. 2010లో ఒక్క ఏడాదిలోనే పూణేలో సతీశ్ శెట్టిని, అహ్మదాబాద్‌లో అమిత్ జెఠ్వాను చంపేశారు. సమాచారం అడిగి పెద్దల అక్రమాలు బయటపెట్టటమే వాళ్ల తప్పు. ఇంకోవైపు, దరఖాస్తు పేరుతో బెదిరించి డబ్బులు గుంజేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లవల్ల నిజంగా అడిగేవాడికి చెడ్డపేరు వస్తోంది. ఈ రెండింటికీ మందు ఒక్కటే. ఒంటరిగా అడగకండి, చాటుగా అడగకండి. పదిమంది సంతకాలు పెట్టండి. తల్లిదండ్రుల చేత, పూర్వ విద్యార్థుల చేత పెట్టించండి. వచ్చిన జవాబు నోటీసు బోర్డు మీద అంటించండి. అందరికీ తెలిసిన సంగతి కోసం ఒక్కణ్ణి పట్టుకొని బెదిరించి లాభం ఉండదు.

ఇంకొక్క మాట. సర్కారును లెక్క అడగటం ఒక ఎత్తు, మన సమాజాన్ని అడగటం ఇంకో ఎత్తు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు తీర్పు చెప్పింది. ఆరున్నరేళ్లు పట్టింది. కోర్టు నేరస్తులను శిక్షించింది. కులాన్ని శిక్షించే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఊళ్లో, ఇంట్లో ఆ ప్రశ్న వేయాల్సింది కూడా మీరే. మన వాడల్లో మన ఆడపిల్లల చదువు మాన్పిస్తున్నప్పుడు కూడా ఇదే గొంతుతో అడగాలి. సర్కారు దగ్గర పులి, ఇంటి దగ్గర పిల్లి అయితే ఆ ప్రశ్నకు విలువ లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీరు ఉదయం లేచి బకెట్ల లెక్క చూస్తారు. చపాతీల లెక్క చూస్తారు. ఒక్క గుడ్డు తక్కువైతే వంటమనిషి దగ్గరికి పోయి తేల్చుకుంటారు. లెక్క అడగటం మీకెవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఆ విద్యను మెస్ గడప దాటించి మీ ఊరి రేషన్ షాపుకు, అంగన్వాడీకి, పంచాయతీకి తీసుకుపోండి. అంతే నేను కోరేది.

ఈసారి పెద్దసారు తనిఖీకి వచ్చి "రోజూ ఇట్లనే పెడుతున్నారా?" అని అడిగితే, నిజం ఏదైతే అది చెప్పండి. బాగుంటే బాగుందనే చెప్పండి. బాగాలేదని చెప్పటానికి మూడో వరుసలో ఒక్కడు లేస్తే మాత్రం, వాణ్ణి ఒంటరిగా నిలబెట్టకండి. మేం ఆనాడు చేయలేనిది మీరు చేయండి. అందరూ లేవండి.

– ఒక పూర్వ విద్యార్థి